బరువు జాలి పడదు: కటిబంధ పద్యద్వయానికి టీకా తాత్పర్యం

అవతారిక

మా అక్కావాళ్ళది కోర్పనా. ఆదిలాబాద్ నుంచి బేల మీదుగా పోతే, మహారాష్ట్రలో అడుగు పెట్టాక తగిలే తాలూకా. ఇప్పుడు చంద్రపూర్ జిల్లా. 1956 దాకా కోర్పనా ఉన్న రాజురా ప్రాంతమంతా మా ఆదిలాబాద్ జిల్లాదే. రాష్ట్రాల పంపకాల్లో మొదట నాందేడ్‌కు, 1959లో చాందాకు, అంటే నేటి చంద్రపూర్‌కు వెళ్ళింది. పటం మీద గీత మారింది గాని ఇళ్ళల్లో మాట మారలేదు. మా మేనల్లుడికి బళ్ళో మరాఠీ, ఇంట్లో తెలుగు, ఫోనులో మరాఠీ అక్షరాలతో తెలుగు.

ఆ అక్షరాల్లోనే వాడి దగ్గర్నుంచి ఒక ప్రశ్న వచ్చింది. “మామా, డబల్ బార్ మీద డిప్స్ కొడుతున్న కదా. నడుముకు బరువు ఏలాడగట్టుకునే బెల్టు తీస్కోవాలె. ఏది మంచిదో చెప్పు.”

ముప్పై ఏళ్ళు తెలుగు పండితుడిగా చేసినవాణ్ణి. అడిగినదానికి సూటిగా జవాబిచ్చే అలవాటు ఎప్పుడో పోయింది. రెండు ఆటవెలదులు రాసి పంపాను. గంటలో జవాబు: “సమజ్ కాలే మామా. జర మతలబు చెప్పు.”

సమజ్ కానిచోటే వ్యాఖ్యానం పుడుతుంది. కాళిదాసుకు మల్లినాథ సూరి దొరికాడు. ఆయన మన మెదక్ సీమ కొల్చారం వాడు. ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ముందే ప్రతిజ్ఞ పట్టినవాడు. నాకు మల్లినాథుడు దొరకడు గనక నా పద్యానికి నేనే వ్యాఖ్యాతను. ఆయన ప్రతిజ్ఞలో మొదటి సగం నిలబెట్టుకుంటాను. రెండో సగం గురించి పాఠకులే క్షమించాలి.

మూలం – 1

తనదు బరువు తాను తడబాటు లేకుండ
పదియు నైదు మార్లు పైకి లేపి
పిదప గొలుసు కట్టు, పెద్దల మాటిది,
అప్పు బరువు మోయ నాత్ర మేల?

ప్రతిపదార్థం: తనదు బరువు = తన ఒంటి బరువును; తాను = ఇతరుల చేయూత లేక; తడబాటు లేకుండ = కాళ్ళు ఊపక, భుజాలు చెవులకు ఎక్కించక; పదియునైదు మార్లు = 15 సార్లు; పైకి లేపి = దిగినంతా మళ్ళీ ఎక్కి; పిదప = ఆ తరువాతనే; గొలుసు కట్టు = బరువును వేలాడదీసుకొనుము; ఇది పెద్దల మాట; అప్పు బరువు = అరువు తెచ్చుకున్న ఇనుమును; మోయన్ = మోయుటకు; ఆత్రము ఏల = తొందర ఎందుకు?

తాత్పర్యం: సొంత బరువును 15 సార్లు శుభ్రంగా లేపగలిగినవాడికే గొలుసు. అంతదాకా బెల్టు కొంటే అది మేకుకు వేలాడే అలంకారం.

విశేషం: “పెద్దల మాట” అన్నాడు కవి. ఎవరా పెద్దలు అని పూర్వపక్షం. కవి ఒక్కడే గనక అది గౌరవార్థ బహువచనమని సిద్ధాంతం.

“తడబాటు లేకుండ” అన్నది పాదపూరణ కాదు. డిప్స్‌లో మోచేతి పైభాగం నేలకు సమాంతరమయ్యేదాకా దిగితే చాలు. ఇంకా లోతుకు పోతే లెక్క పెరగదు, భుజం కీలు మొరాయిస్తుంది. సగం దిగి సగం ఎక్కేవాడు 15 అని చెప్పుకుంటే వ్యాకరణం దాన్ని ఏడున్నరగానే లెక్కిస్తుంది.

“అప్పు బరువు” శ్లేష. ఒక అర్థం, తనది కాని ఇనుము. రెండో అర్థం కోర్పనాలో ఎవరికీ విప్పి చెప్పనక్కర్లేదు. అది పత్తి పండే నేల. వానకు ముందు విత్తనానికి తెచ్చిన అప్పు పత్తి అమ్మేదాకా ఇంటి నడుముకు వేలాడుతూనే ఉంటుంది. ఆ అప్పుకు కొక్కెం ఉండదు, విప్పి కింద పెట్టడానికి వీలుండదు. మేనల్లుడి బరువు మాత్రం పదిసార్లు లేచి దిగాక విప్పేయవచ్చు. ఈ భాగ్యం వాడు గుర్తుంచుకోవాలని కవి హృదయం.

ఇక్కడే కొంత గణితం. వాడి బరువు 60 కిలోలు. 20 కిలోలు కట్టుకుంటే చేతులు మోసేది 20 కాదు, 80. ఇంకో 5 కిలోలు కలిపితే “పావు వంతు పెరిగింది” అని మురిసిపోతాడు. నిజానికి 80 మీద 5 అంటే నూటికి ఆరుంబావు. అలాగే మొదటి రోజునే 20 కట్టేవాడికి తెలియాల్సింది, తాను ఒక్కసారిగా మూడో వంతు బరువెక్కానని. అందుకే రెండున్నర, ఐదు కిలోలతో మొదలుపెట్టమనడం. గొలుసుకు ఎంత కట్టామని కాక చేతుల మీద మొత్తం ఎంత పడిందని లెక్క రాసుకోవాలి. అప్పుల పుస్తకంలోనూ అసలూ వడ్డీ కలిపే కదా రాస్తారు.

మూలం – 2

నడుము మీద కాదు నైలాను పట్టీని
తుంటి యెముక మీద తొడగ వలయు;
కొలిచి చూడు గొలుసు, కొక్కెమ్ము పరికించు,
జారి పడిన బరువు జాలి పడదు.

ప్రతిపదార్థం: నైలాను పట్టీని = నైలాను బెల్టును (ఇది తోలుకూ ఉపలక్షణం); నడుము మీద కాదు = పొట్ట చుట్టూ కాక; తుంటి యెముక మీద = నడుము కింద చేతికి తగిలే ఎముక అంచు మీద; తొడగవలయు = ధరింపవలెను; గొలుసు = బరువు వేలాడే సంకెలను; కొలిచి చూడు = పొడవు చూడుము; కొక్కెమ్ము = గొలుసును బెల్టుకు తగిలించు కొక్కేమును; పరికించు = చూడు; జారి పడిన బరువు = జారిన ప్లేటు; జాలి పడదు = కాలిని చూసి కనికరింపదు.

తాత్పర్యం: బెల్టు తుంటికి కట్టు. గొలుసు పొడవు, కొక్కెం బలం చూసి కొను. లేకపోతే ప్లేటు నీ పాదం మీద పడుతుంది.

విశేషం: “నడుము మీద కాదు” అనడం భ్రాంతి నివారణకు. పవర్‌లిఫ్టింగ్‌లో బిగించే వెడల్పాటి తోలు పట్టా వేరు. అది పొట్టకు గోడలా నిలిచి, ఊపిరి బిగించినప్పుడు వెన్నుకు ఆసరా ఇస్తుంది. డిప్ బెల్టు ఎవరికీ ఆసరా ఇవ్వదు. అది వట్టి చిలక్కొయ్య, బరువు తగిలించుకోవడానికి. దాన్ని పొట్టకు కడితే గొలుసు లాగినకొద్దీ పక్కటెముకల కింద కోసుకుంటుంది. తుంటికి కడితే ఎముక మోస్తుంది. వెనక భాగం 10 నుంచి 15 సెంటీమీటర్ల వెడల్పుంటే బరువు పరుచుకుంటుంది. సన్నటి పట్టీ తాడై కోస్తుంది. ఎద్దు మెడకు కట్టే పట్టెడను వెడల్పుగా ఎందుకు చేస్తారో పొలాల అమావాస్యనాడు ఎడ్లను ముస్తాబు చేసినవాడికి చెప్పక్కర్లేదు.

తోలా, నైలానా? తోలు బిర్రుగా నిలుస్తుంది, ఏళ్ళు గడిచేకొద్దీ ఒంటికి ఒదుగుతుంది. కానీ చెమట తాగుతుంది, ఆరబెట్టకపోతే బూజు పడుతుంది. నైలాను తేలిక, ఉతకవచ్చు. అయితే దాని ప్రాణం నేతలో కాదు, కుట్టులో ఉంది. ఇనుప కడియం దగ్గర పట్టీ మడిచి కుట్టినచోట చదరం, చదరంలో మూల నుంచి మూలకు ఇంటూ గుర్తులా వేసిన కుట్టు ఉందా చూడాలి. ఒకే వరుస కుట్టు ఉంటే అంగీకి సరిపోతుంది, ఇనుముకు చాలదు.

“కొలిచి చూడు గొలుసు”: బజారులో గొలుసులు సాధారణంగా 75 నుంచి 90 సెంటీమీటర్లుంటాయి. మరీ పొడవైతే ప్లేటు మోకాళ్ళ మధ్య ఊయల ఊగుతుంది, డిప్‌లో దిగినప్పుడు నేలను ముద్దాడుతుంది. మరీ పొట్టిదైతే రెండు ప్లేట్లు దూరవు, దూరినా తొడలను గీరుతాయి. పొడవు గొలుసు కొనుక్కుని, నడిమి కడియంలో కొక్కెం వేసి పొట్టి చేసుకోవచ్చు. పొట్టిదాన్ని పొడవు చేయలేం.

ఇంకో మాట. ప్లేటు నడిమి రంధ్రం రెండు రకాలు. పాత జిమ్ముల్లో 28 మిల్లీమీటర్ల చుట్టుపక్కల, ఒలింపిక్ ప్లేట్లకు 50. గొలుసు కొస 50లో సునాయాసంగా దూరుతుంది, 28లో దూరకపోవచ్చు. లావు గొలుసు కొనుక్కున్నవాడు బరువు ముందు కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు అవస్థ పడతాడు. కాబట్టి కొనే ముందు తన ప్లేటు రంధ్రం కొలుచుకోవాలి.

“కొక్కెమ్ము”: పర్వతారోహకులు వాడే కొక్కేల మీద కిలోన్యూటన్లలో అంకె చెక్కి ఉంటుంది. ఒక కిలోన్యూటన్ అంటే సుమారు 102 కిలోల లాగుడు. 20 అని ఉంటే రెండు వేల కిలోలు. అయితే ఆ అంకె నోరు మూసుకున్న కొక్కేనికి. నోరు తెరిచి ఉంటే బలం దాదాపు మూడో వంతుకు దిగుతుంది. మనుషుల్లోనూ ఇది చూస్తుంటాం. తాళంచెవుల గుత్తికి తగిలించే రంగురంగుల కొక్కేలు చూపుకు అచ్చం అలాగే ఉంటాయి. వాటి మీద అంకె ఉండదు. అంకె లేని కొక్కేనికి తాళంచెవులే పరమావధి.

బరువు 20 కిలోలే కదా, ఇంత ఎందుకు అని పూర్వపక్షం. పైకి ఒక్క ఊపున లేచేటప్పుడు, కిందికి దబ్బున దిగి ఆగేటప్పుడు గొలుసు మీద పడేది తూకపు బరువు కాదు, కుదుపు. తెగేది ఎప్పుడూ కుదుపులోనే అని సిద్ధాంతం.

“జారి పడిన”: ఇది కవి కళ్ళారా చూసినది. పోయిన పొలాల అమావాస్యకు కోర్పనా వెళ్ళాను. వాడు మంచం నవారు ముక్కను 10 కిలోల ప్లేటు రంధ్రంలోంచి తీసి నడుముకు ముడేశాడు. వెల్డింగ్ పైపుల డబల్ బార్. నాలుగోసారి లేచేసరికి ముడి మెల్లగా పాకింది. ప్లేటు సిమెంటు గచ్చు మీద పడి కొబ్బరి చిప్పంత పెంకు లేపింది. వాడి బొటనవేలికీ పెంకు లేచినచోటికీ నడుమ రెండు వేళ్ళ ఎడం. వాడు నవ్వాడు. నేను నవ్వలేదు. నాలుగో పాదం అప్పుడే పుట్టింది, మిగతా మూడూ తరువాత అతికాయి.

జారడానికి కావ్య ప్రమాణం ఉంది. కాళిదాసు మేఘసందేశంలో విరహంతో చిక్కిన యక్షుడి ముంజేతి నుంచి బంగారు కడియం జారిపోయింది. అతడున్న రామగిరి నాగపూర్ దగ్గరి రాంటెక్ అని చాలామంది అంటారు. అంటే అదీ కోర్పనాలాగే విదర్భే. మన మల్లినాథుడు మాత్రం దాన్ని చిత్రకూటమన్నాడు. ఊరు విషయంలో వ్యాఖ్యాత తేడా పడినా టీక నిలుస్తుందనడానికి ఇది నాకు ధైర్యం. సన్ననివాడు బెల్టు కొలత చూసి కొనాలనడానికి యక్షుడే సాక్ష్యం.

అలంకారం: విశేషాన్ని చెప్పి సామాన్యంతో సమర్థించడం అర్థాంతరన్యాసం. నాలుగో పాదం ఆ పని చేసింది. జారి–జాలి, పడిన–పడదు అనుప్రాస.

ఛందస్సు: ఆటవెలది. మొదటి గణం తొలి అక్షరానికి నాలుగో గణం తొలి అక్షరంతో మైత్రి కుదరాలి. న–నై, తు–తొ, కొ–కొ, జా–జా. బెల్టుకూ ఇదే లక్షణం. గొలుసు ఒక పక్క కడియం నుంచి బయలుదేరి, ప్లేటు రంధ్రంలో దూరి, రెండో పక్క కడియాన్ని కలవాలి. కలవకపోతే పద్యంలో యతిభంగం, ఇక్కడ పాదభంగం.

ప్రసక్తానుప్రసక్తం: వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు (1882–1942) ఛాతీకి ఇనుప గొలుసు చుట్టి, ఊపిరి బిగబట్టి తెంచేవాడు. జనం చప్పట్లు కొట్టేవారు. డిప్ బెల్టు కట్టినవాడి గొలుసు తెగితే ఎవరూ చప్పట్లు కొట్టరు. శాస్త్రం ఒకటే, ప్రయోజనం వేరు.

ఫలశ్రుతి

టీక అందుకుని మేనల్లుడు బెల్టు తెప్పించుకున్నాడు. అది వచ్చిన రోజు నేను కోర్పనాలోనే ఉన్నాను. తోలుది, వెనక వెడల్పు, కొలత సరి. నేను కళ్ళజోడు సవరించుకుని చూసి, లక్షణయుక్తంగా ఉందన్నాను.

మా బావ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆ తాలూకా నిండా సిమెంటు ఫ్యాక్టరీలే: గడ్చందూర్, ఆవార్‌పూర్, ఉప్పర్‌వాహి. బావ దుకాణాల దగ్గర లారీల నుంచి 50 కిలోల బస్తాలు దించి ఇల్లు నడిపినవాడు. బెల్టు సంగతి విన్న మొదటిరోజే తేల్చేశాడు: “బరువెత్తితే మాకు పైసలిచ్చిన్రు. నువ్వు పైసలిచ్చి బరువెత్తుతవారా?”

ఆ బావ చేయి చాచి గొలుసు అడిగాడు. కళ్ళు మూసుకున్నాడు. జపమాల తిప్పినట్టు ఒక్కొక్క కడియాన్నీ బొటనవేలి గోటి కిందకు తెచ్చుకుంటూ పోయాడు. పన్నెండోదో పదమూడోదో, అక్కడ గోరు ఆగింది.

“ఇగో, ఇది అతకలే.”

ఎండలోకి తీసుకెళ్ళి చూశాం. కడియం రెండు కొనలు కలిసినచోట వెంట్రుకంత సందు. వెల్డింగ్ పైపైన పూత పూసినట్టు తాకి వదిలేసింది. గొలుసు తిరిగి వెళ్ళిపోయింది. బదులు వచ్చినదాన్ని కూడా బావ గోటితో చదివాకే వాడు కట్టుకున్నాడు.

తప్పొప్పుల పట్టిక

రెండో పద్యం ప్రతిపదార్థంలో – పరికించు = “చూడు” అని పడినచోట, “కళ్ళు మూసుకుని గోటితో తడుము” అని దిద్దుకొని చదువుకోవలెను.