పొట్టు తీయని లెక్క

ఈమధ్య పలాసలో ఒక పెద్దాయన మైకు పట్టుకున్నారు. పలాస చుట్టుపక్కల ఉద్దానం పల్లెల్లో కిడ్నీ జబ్బుతో పోయినవాళ్ల లెక్క ఒకటి విసిరి, 'ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది' అన్నారు. ఎప్పుడు చెప్పింది, ఎక్కడ చెప్పింది అని ఒక కుర్ర విలేకరి అడిగాడు. 'అందరికీ తెలిసిందే కదయ్యా' అని కారెక్కారు.

ఆ లెక్కని పట్టుకెళ్లి పలాసలో ఏదో ఒక జీడి ఫ్యాక్టరీలో పడేద్దామని నాకనిపించింది. ఈ చుట్టుపక్కల అంకెకి మర్యాద మిగిలిన చోటు అదొక్కటే. డబ్బా మీద డబ్ల్యూ-180 అని ఉంటే పౌండుకి 180 జీడిపప్పులు దాటకూడదు. 180 అని రాసి 320 రకం పోస్తే షావుకారు డబ్బా మొహాన కొడతాడు. ఇది మనుషుల లెక్క కదా, వెనక్కి పంపే షావుకారు లేడు.

ఊహలోనే పడేశాను. ముందు ఆ లెక్కని పిక్కలా ఆవిరికి పెట్టాం. 'అందరికీ తెలిసిందే' అక్కడే ఆవిరైపోయింది. తరవాత కోత. పెంకులోంచి 'విశ్వసనీయ వర్గాలు' అనే జీడిరసం కారింది. అంటుకుంటే చేతులు కాలతాయి తప్ప తినడానికి పనికిరాదు. లోపల ఒక పత్రిక వార్త. దాని పొట్టు తీస్తే ఇంకో పత్రిక వార్త. దాని పొట్టు కూడా తీస్తే, ఇదే పెద్దాయన పాత ఉపన్యాసం! పిక్కే తన చెట్టుని కాసింది.

ఇంకో పిక్కలో 'గత పదేళ్లలో' అని ఉంది. ఆ మాట నేను చదవడం మొదలుపెట్టి చాలా కాలమైంది. నాకు జుట్టు నెరిసింది గానీ ఆ పదేళ్లకి మాత్రం పదకొండో ఏడు రాలేదు. గ్రేడింగు బల్ల దగ్గర ఆడవాళ్లు దాన్ని వాసన చూసి పుచ్చుల్లో పడేశారు.

'ఈ జబ్బు ప్రపంచంలో మూడే చోట్ల: నికరాగువా, శ్రీలంక, ఉద్దానం' అన్న వాక్యం పైకి నిగనిగలాడుతోంది. నికరాగువాలో ఏ ప్రాంతమని అడిగితే చినాండేగా అని చెప్పగలిగేవాడు వేదిక మీద ఒక్కడుంటే గొప్ప. ఆ దగ్గర్లోని ఎల్ సాల్వడార్‌లోనూ చెరకు తోటల కూలీలు ఇలాంటి జబ్బుతోనే పోతున్నారు. మూడు అనే అంకె చెవికి ఇంపుగా ఉంటుంది కాబట్టి వాళ్లకి మన ఉపన్యాసంలో చోటు దొరకలేదు.

కాళిదాసుకి వ్యాఖ్యానం రాస్తూ కోలాచలం మల్లినాథసూరి ఆధారం లేనిదే ఒక్క ముక్కా రాయనని ముందే ఒట్టేసుకున్నాడు. మెదకు సీమలో పుట్టి, ఆ కాలంలో బతికాడు కాబట్టి చెల్లింది. ఇప్పుడు పలాసలో ఉంటే వార్డు కౌన్సిలరు టిక్కెట్టు కూడా ఇవ్వరు.

ఉపన్యాసానికి అక్కర్లేని ఆ ఆధారం ఉద్దానంలోని కవిటిలో రోగికి మాత్రం కావాలి. డయాలసిస్ దాకా వెళ్లనివాడికి పింఛను రావాలంటే రక్తంలో క్రియాటినిన్ 5 దాటినట్టు కాగితం, కిడ్నీ ఎంత కుంచించుకుపోయిందో స్కానింగు, ఆపైన ఆధార్. 4.8 వచ్చినవాడు ఇంకాస్త చెడిపోయి మళ్లీ రావాలి. జబ్బుకి కారణం వెతకడానికి ఏళ్ల తరబడి ఈ పల్లెల్లో రక్తం తీశారు, బావి నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లారు. 2017లో హార్వర్డ్ వైద్యులు విశాఖ దాకా వచ్చారు. 2023 డిసెంబరులో హిరమండలం నీళ్ల పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రి ప్రారంభించారు. జబ్బు పేరులో 'కారణం తెలియని' అన్న మాట మాత్రం ఇంకా పోలేదు. తెలియదని రాసిన వైద్యులకి దణ్ణం పెడతాను. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పి దండలు వేయించుకునేవాళ్లని చూస్తేనే ఒళ్లు మండుతుంది. చచ్చినవాళ్లని సరిగ్గా లెక్కపెట్టలేని మీరు బతికున్నవాడిని రుజువు తెమ్మంటారా? పంచాయతీలో మరణాల రిజిస్టరు ఉంది. ఏ గడపలో ఎవరు పోయారో ఆశా కార్యకర్తకి కంఠతా వచ్చు. అడగాలంటే కారు దిగాలి, అంతే.

నా ఊహలోని ఫ్యాక్టరీలో గ్రేడింగు బల్ల దగ్గర కూర్చున్న ఒకావిడ పెద్దాయన చెప్పిన లెక్కని అరచేతిలో వేసుకుని చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది. ఏ గుట్టలోనూ వెయ్యలేదు.

"బాబూ, ఈ నెక్కలో మా ఇంటాయన ఉన్నాడేటి?"