ఎండాకాలం కొల్లేరు: ఒక అనుభవజ్ఞుడి సలహాలు

పక్షుల్ని చూడ్డం గురించి ఈమధ్య ప్రతివాడూ సలహా చెప్పేవాడే. తెల్లారకముందే లేవాలట. చప్పుడు చెయ్యకూడదట. మట్టిరంగు బట్టలు కట్టుకోవాలట. దొంగతనానికి పోయేవాళ్లకి చెప్పే మాటల్లా ఉన్నాయి గాని, ఆదివారం పూట పిల్లాపాపలతో షికారుకి వెళ్లేవాళ్లకి చెప్పాల్సినవేనా ఇవి? నేను మూడు వేసవుల నుంచీ కైకలూరు పక్కన ఆటపాక వెళ్తున్నాను. మూడు వేసవులంటే మూడు ఆదివారాలు. ఆ అనుభవంతో చెబుతున్నాను, రాసుకోండి.

ముందు కాలం సంగతి. జనం డిసెంబరు, జనవరిల్లో ఎగబడతారు. అప్పుడు కొల్లేట్లో ఉత్తరాన్నించి దిగిన బాతులు, ఉల్లంకులు వేలకి వేలు. దేన్ని చూడాలో తెలీక తలనొప్పి. మార్చి దాటేసరికి అవన్నీ మూటా ముల్లె సర్దుకుని హిమాలయాల అవతలికి పోతాయి. మిగిలేవి మన ఊరివే, గూళ్లూ పిల్లలూ ఉన్నవి, ఎక్కడికీ పోలేనివి. కాబట్టి ఏప్రిల్ మంచిది, మే ఇంకా మంచిది. ఇంట్లో పెసరట్టు ఉప్మా తిని పదకొండింటికి బయల్దేరితే చాలు. పొద్దున ఆరింటికి వెళ్లి చూశాడు మా ఆఫీసాయన. ఒక్కటీ కుదురుగా లేదట, ఎగరడం, వాలడం, దెబ్బలాడుకోవడం, మేతకి పోవడం. అదే మిట్టమధ్యాహ్నం వెళ్లండి, ఎక్కడివక్కడ నోరు తెరుచుకుని బొమ్మల్లా నిలబడి ఉంటాయి. ఫొటోకి అంతకన్నా ఏం కావాలి?

బట్టలు ఎర్రవో చిలకపచ్చవో వేసుకోండి. మనం వచ్చినట్టు వాటికి తెలియాలిగా! సెంటు కూడా కాస్త ధారాళంగానే కొట్టుకోండి, అక్కడ చేపల కంపు ఎక్కువ.

బైనాక్యులర్ కొనేటప్పుడు షాపువాడు 8×42 చాలంటాడు. ఎనిమిదంటే అన్ని రెట్లు దగ్గరగా కనిపిస్తుందనీ, నలభై రెండంటే ముందు అద్దం మిల్లీమీటర్లలో అంత వెడల్పనీ లెక్క చెబుతాడు. మనం పోసే డబ్బుకి ఎనిమిది రెట్లేనా? దబాయించి ఇరవై రెట్లది తీసుకోండి. చెయ్యి కాస్త వణికినా అదీ ఇరవై రెట్లు వణుకుతుంది నిజమే. కూర్చున్న పక్షి కూడా నాట్యం చేస్తున్నట్టు కనబడుతుంది. అది లాభమా నష్టమా?

ఇక పక్షుల్ని గుర్తుపట్టడం. ఇది అందరూ అనుకునేంత కష్టం కాదు. ఏ పక్షి కనిపించినా "సైబీరియా నుంచి వచ్చింది" అనండి. పేపర్లలో ఏళ్ల తరబడి అలాగే రాస్తున్నారు, ఎవరూ కాదనరు. మా ఇంట్లో మాత్రం కాదనే మనిషి ఒకతి ఉంది, మా అక్క కూతురు, తొమ్మిదో తరగతి. కిందటి ఏప్రిల్లో దాన్ని వెంట తీసుకెళ్లడం నేను చేసిన ఒకే ఒక్క పొరపాటు. నేను గట్టు మీద నిలబడి గూడబాతుల్ని చూపిస్తూ సైబీరియా అనగానే, "కాదు మావయ్యా, ఇవి మన దేశంలోనే గూళ్లు పెట్టే పెలికాన్లు. శ్రీలంకలో, కంబోడియాలో కూడా ఉంటాయి. సైబీరియా మొహం ఎప్పుడూ చూళ్లేదు" అంది. అక్కడితో ఆగిందా! ఇందుచూడన్ పేరుతో రాసిన కె.కె. నీలకంఠన్ అనే మలయాళీ 1946లో ఈ కొల్లేటి ప్రాంతంలోనే వీటి కాలనీ కనిపెట్టాడట. అప్పుడు మూడు వేలకి దగ్గరగా గూళ్లు కట్టుకుని ఉండేవట. 1975 ప్రాంతానికి ఆ కాలనీ ఖాళీ అయిపోయిందట. ఇప్పుడు ఆటపాక చెరువులో అటవీశాఖ వాళ్లు ఇనప స్టాండ్లు పాతితే వాటిమీద కట్టుకుంటున్నాయట. నేను వెంటనే పట్టుకున్నాను. "ఖాళీ చేసి ఎక్కడికి పోయాయంటావ్? సైబీరియాకేగా!" అన్నాను. జవాబు లేదు దాని దగ్గర. పుస్తకాల చదువుకీ లోకజ్ఞానానికీ తేడా అదీ.

కొత్త జాతుల్ని కనిపెట్టడం కూడా ఎండాకాలంలోనే వీలు. ఎర్రకాళ్ల కొంగ ఉంది చూశారా, పసుప్పచ్చ ముక్కు, రెక్కల చివర గులాబీరంగు, పేరుకి తగ్గట్టు ఎర్రటి కాళ్లు. ఆ మధ్యాహ్నం గట్టు పక్కన నిలబడ్డ నాలుగింటికీ కాళ్లు తెల్లగా ఉన్నాయి, సున్నం కొట్టినట్టు. తెల్లకాళ్ల కొంగ! లోకంలో ఎవరూ చూడనిది! ఫొటోల మీద ఫొటోలు తీస్తున్నాను. ఇంతలో వాటిలో ఒకటి నా కళ్లెదుటే తోక కాస్త కిందికి వంచి, తన కాళ్ల మీద తనే రెట్ట వేసుకుంది. నీళ్లలాంటి రెట్ట. ఛీ అన్నాను. మా మేనకోడలు మాత్రం అపురూపంగా చూస్తూ, "దానికి చెమట పట్టదు కదా మావయ్యా, అందుకని కాళ్లు తడుపుకుంటుంది. ఆ తడి ఆరుతుంటే కాళ్లలో రక్తం చల్లబడుతుంది. మనం ముంజేతుల మీద నీళ్లు చల్లుకోమూ, అలా" అంది. ఆరిపోయాక మిగిలేదే ఆ సున్నమట. కొత్త జాతి పోతే పోయింది. శుభ్రత లేని పక్షి అని మాత్రం నోట్ చేసుకున్నాను, మీరూ చేసుకోండి.

నత్తగుల్ల కొంగకి పైముక్కూ కిందిముక్కూ మధ్యలో కలవవు, సందు ఉంటుంది. తయారీ లోపం. నత్తల్ని పట్టడానికి అలా ఉందంటారు గాని, నేను నమ్మను. గుడ్డికొంగ చలికాలమంతా చేలగట్ల మీద బురదరంగులో కూర్చుని కొంగజపం చేస్తుంది. ఏప్రిల్ వచ్చేసరికి వీపున వంగపండు రంగు శాలువా కప్పుకుంటుంది. రాసుకునేటప్పుడు రెండూ వేరు వేరుగా రాయండి. గేదెల వెంట తిరిగే తెల్లకొంగ కూడా ఇప్పుడు పెళ్లికొడుకులా తలకీ మెడకీ పసుపు పూసుకుని ఉంటుంది. అదీ రెండు. పక్షుల లెక్కలు పెరిగేది ఇలాగే.

పడవ కోసం వేచి ఉండాల్సివస్తే గట్టు మీద ఖాళీగా కూర్చోకండి. నీళ్లు వెనక్కి తగ్గిన చోట పర్రనేల బీటలు వేసి మైదానంలా ఉంటుంది. బండి దింపండి. ఇది అభయారణ్యం అని ఎవరైనా అడ్డం వస్తే నా దగ్గర తిరుగులేని వాదన ఉంది. 1999లో కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించినప్పుడు అయిదో కాంటూరు దాకా అన్నారు, 308 చదరపు కిలోమీటర్లు. కాంటూరు అంటే ఎత్తు, ఎత్తు అంటే నీళ్ల ఎత్తు. నీళ్లే లేనప్పుడు అభయారణ్యం ఎక్కడుంది? 2002లో రామ్‌సర్ జాబితాలోకి ఎక్కించారు, అదీ చిత్తడినేల అనే. చిత్తడి ఏది? ఎండిపోయి పెళపెళలాడుతుంటే! అయిదో కాంటూరు అంటే సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తున్న గీత అనీ, దాని లోపలి నేల తడిసినా ఎండినా అభయారణ్యమే అనీ మా మేనకోడలి వాదన. దాని వయసుకి వాదన ఎక్కువ.

బండి నడిపేటప్పుడు ఒక ఇబ్బంది మాత్రం ఉంది, తీతువు పిట్ట. కూత వింటేనే అపశకునం అంటారు మనవాళ్లు. అలాంటిది అది ఏకంగా మన నెత్తి మీదకే దూసుకొస్తుంది, పక్కకి తిరిగి మళ్లీ వస్తుంది, గొంతు చించుకుంటుంది. భయపడకండి, అటువైపే పోనివ్వండి. మా బావమరిది అలాగే పోనిచ్చాడు. మేనకోడలు బండి వెనక నుంచి దూకి ముందుకొచ్చి రెండు చేతులూ చాపి నిలబడింది. చక్రానికి జానెడు దూరంలో పల్లం కూడా కాని పల్లం. చుట్టూ గులకరాళ్లు, నత్తగుల్లల ముక్కలు. మధ్యలో నాలుగు గుడ్లు, సన్నటి కొనలు లోపలికి పెట్టుకుని. మట్టిరంగు మీద నల్లటి మరకలు. వాటిని నేను రాళ్లే అనుకున్నాను. ఇప్పుడూ అనుకుంటున్నాను.

బండి వెనక్కి తీశాక ఆ పిట్ట తిన్నగా వచ్చి కూచోలేదు. ముందు గట్టు కింద నీటి మడుగులోకి వెళ్లింది. పొట్ట ఈకలు తడిపింది, ఒకటికి రెండుసార్లు. పరుగెత్తుకుంటూ వచ్చి ఆ తడి పొట్టతో గుడ్ల మీద వాలింది. ఇంత ఎండలో పొదిగే తెలివితక్కువ పిట్టని ఎక్కడా చూళ్లేదన్నాను. "పొదగడం కాదు మావయ్యా, చల్లబరుస్తోంది. ఇప్పుడు పది నిమిషాలు లేస్తే గుడ్లు ఉడికిపోతాయి" అంది. ఉడికిన గుడ్లు అనగానే మాకు భోజనం వేళ అయిందని గుర్తొచ్చింది. పులిహోర పొట్లాలు విప్పాం. కవర్లు అక్కడే వదిలేయండి, గాలి తీసుకెళ్తుంది.

పడవలో ఎక్కేటప్పుడు స్పీకరు మర్చిపోకండి. ఫోన్లో పక్షుల కూతలు వినిపించే యాప్ ఉంటుంది, ఏ పిట్ట కనిపించకపోయినా దాని కూత పెట్టండి. తన జాగాలోకి ఇంకో మగపిట్ట చొరబడిందని పాపం ఉన్న పని వదిలేసి వెతుక్కుంటూ వచ్చేస్తుంది. వచ్చాక కూడా ఆపకండి.

పడవాయన పెద్దమనిషి, మెళ్లో తుండుగుడ్డ. స్టాండ్లకి దూరంగానే గెడ వేస్తున్నాడు. "బాబాయ్, కాస్త దగ్గరికి పోనీ" అన్నాను.

"ఇంకా పోకూడదండీ. పిల్లలున్నాయండి గూళ్లలో."

"ఆ పిల్లల కోసమే బాబాయ్ వచ్చింది."

ఇలాంటి చోట మొహమాటపడితే పని జరగదు. ఇంకో వంద ఇస్తానన్నాను. వద్దన్నాడు. అయినా గాలివాటానికి పడవ దానంతటదే కాస్త జరిగింది, అదృష్టం. రెట్టతో తెల్లబారిన ఇనప చట్రం, దాని మీద వల, వల మీద పుల్లల గూడు. గూటి అంచున పెద్ద గూడబాతు. ఎండకి వీపు పెట్టి, రెక్కలు సగం విప్పి నిలబడి ఉంది. ముక్కు తెరిచి ఉంది, కింద వేలాడే తిత్తి అదే పనిగా అదురుతోంది, మన గొంతు దగ్గర నాడి కొట్టుకున్నట్టు. నవ్వుతోందని చెప్పాను మావాళ్లకి. రెక్కల కింద పడిన నీడలో రెండు పిల్లలు, ఒంటినిండా తెల్లటి నూగు. ఆ నీడ ఎంతుందో పిల్లలూ అంతే ఉన్నాయి, ఒకదాన్నొకటి తోసుకుంటూ, ఎండలోకి ఒక్క గోరైనా రాకుండా. ఎండ జరిగిన కొద్దీ తల్లి కాస్త జరుగుతోంది, తల్లి జరిగిన కొద్దీ పిల్లలూ. ఇంతలో ఒక పిల్ల తల్లి నోట్లోకి తల మొత్తం దూర్చేసింది. మింగేస్తోందని మా బావమరిది కేక పెట్టాడు. చేప తింటోందట.

నీడలో ఫొటో రాదు, ఇది ఎవరికైనా తెలుసు. పిల్లల మీద వెలుతురు పడాలంటే తల్లి లేవాలి. చప్పట్లు కొట్టండి. చాలకపోతే ఈల వెయ్యండి. మేం రెండూ చేశాం. తల్లి లేచింది. దాంతోపాటు ఆ వరస వరసంతా లేచింది, ఆకాశం మూసుకుపోయింది. ఆ హడావుడిలో పక్క గూట్లో ఓ పిల్ల బెదిరి తిన్న చేపల్ని కక్కేసింది, ఒకటి వచ్చి పడవ అంచు మీద పడింది. అతిథి మర్యాద అంటే అదీ.

ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చాయి. నిండు వెలుతురు, పిల్లల మెడ కింద తోలు అదురుతున్నది కూడా స్పష్టంగా పడింది. మొదటి ఫొటోలో రెండూ నిలబడి ఉన్నాయి. ఆరో ఫొటోకి చిన్నది తల వాల్చేసింది, పోజు బాగుంది. వెనక గూటి అంచున ఓ కాకి కూడా వచ్చి వాలింది, ఫ్రేము నిండుగా ఉంది. తల్లి పైన తిరుగుతూనే ఉంది, మేమున్నంతసేపూ దిగలేదు. మా మేనకోడలు ఫొటోలు చూడనంది. గడియారం చూసుకుంటూ కూర్చుంది. "పోదాం మావయ్యా" అంది ఒకసారి. రెండోసారి నాతో కాదు, పడవాయనతో అంది, "పోదాం తాతా" అని. ఆయన నన్ను అడక్కుండానే గెడ తిప్పేశాడు. డబ్బులిచ్చింది అరగంటకి, ఇరవై నిమిషాలు కూడా కాలేదు. ఇలాంటివి ముందే గట్టిగా మాట్లాడుకోండి.

ఒడ్డుకొచ్చాక చెయ్యాల్సిన పని జాబితా రాసుకోవడం. నేనైతే ముందు రోజు రాత్రే ఇంట్లో రాసుకుని వస్తాను, అక్కడ ఎండలో ఎవడు రాస్తాడు! నా జాబితా కొల్లేటి చాంతాడంత, నూట ఇరవై జాతులు. మా మేనకోడలి పుస్తకంలో పదిహేడే ఉన్నాయి. ఒక్కో పేరు పక్కన ఏదో గీసి ఉంది. గూడబాతు దగ్గర పేరు రాసి, పక్కన "11 నిమిషాలు" అని రాసి, దాని కింద ఏమీ రాయకుండా వదిలేసింది. పెద్దయ్యాక నేర్చుకుంటుంది.

బండి స్టార్ట్ చేస్తుంటే పడవాయన మా దగ్గరకి నడుచుకుంటూ వచ్చాడు. కోపంగా ఉన్నాడేమో అనుకున్నాను, కాదు. "మళ్లీ ఎప్పుడొస్తారండీ తమరు?" అని అడిగాడు. ఇంతమంది వచ్చిపోతుంటారు, ఎవర్నడుగుతాడు అలాగ! మనసు కరిగిపోయింది. మేలో రెండో ఆదివారం, ఈసారి డ్రోను కూడా తెస్తామని చెప్పాను. జేబులోంచి పెన్ను తీసి తారీఖు అరచేతి మీద రాసుకున్నాడు.