ఆయిల్‌కు 3 వేలు, ఫిల్టర్‌కు 80

12 లక్షల కారు కొన్నాయన 3 వేలు పెట్టి ఫుల్లీ సింథటిక్ ఆయిల్ పోయిస్తాడు. ఫిల్టర్ దగ్గరికొచ్చేసరికి ఆయనలోని ఆర్థికవేత్త నిద్ర లేస్తాడు. "కంపెనీది 200 అంటున్నావు, లోకల్‌ది 80కే వస్తుందిగా?" అని షాపువాణ్ని నిలదీస్తాడు. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరం! మిగిలిన డబ్బులతో దారిలో ఫిల్టర్ కాఫీ తాగుతాడు. ఆ ఫిల్టర్ విషయంలో మాత్రం ఆయన రాజీపడడు.

ఇక కిలోమీటర్ల సంగతి. మన దేశంలో ఇప్పుడు చాలా కార్లకు 10 వేల కిలోమీటర్లకో, ఏడాదికో ఆయిల్ మార్చమంటారు. యూరప్‌లో ఫోక్స్‌వ్యాగన్ లాంగ్‌లైఫ్ పద్ధతిలో అది 30 వేల కిలోమీటర్లు లేదా రెండేళ్ల దాకా వెళ్తుంది. ఇది తెలిసిన రోజు నుంచి కాలనీలోని కారు పండితుడికి కంటి మీద కునుకు లేదు. జర్మనీవాడికి 30 వేలైతే తనకు 20 వేలైనా రావద్దా అంటాడు. అక్కడ దానికి ప్రత్యేకమైన ఆయిల్ పోస్తారు, ఎప్పుడు మార్చాలో బండి నడిచిన తీరును బట్టి కారే లెక్క కడుతుంది. ఈయన కారు కూకట్‌పల్లి నుంచి అమీర్‌పేట చేరేలోపు ఎన్ని సిగ్నళ్ల దగ్గర ఆగినా, ఆగినంతసేపూ ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది. ఓడోమీటర్ మాత్రం కదలదు.

ఓనర్స్ మాన్యువల్‌లో దీనికో పేజీ ఉంటుంది. దుమ్ము, విపరీతమైన వేడి, ఆగి ఆగి కదిలే ట్రాఫిక్, చిన్న చిన్న ప్రయాణాలు... ఇలాంటి చోట ఆయిల్ ఇంకా ముందే మార్చమంటుంది. ఆ జాబితా రాసినవాడు మే నెలలో విజయవాడ బెంజిసర్కిల్ దగ్గర కూర్చుని రాసి ఉండాలి. ఆ పుస్తకానికి ప్లాస్టిక్ కవరు ఇంకా చింపలేదు.

వాడి పారేసిన ఫిల్టర్‌ను కోసి చూస్తే అసలు కథ తెలుస్తుంది. మంచిదాంట్లో కాగితం మడతలు దగ్గర దగ్గరగా, తిన్నగా నిలబడి ఉంటాయి. నాసిరకందాంట్లో ఉన్న నాలుగు మడతలూ ఒకదాని మీద ఒకటి వాలిపోయి ఉంటాయి. ఇంజన్ ఆపాక ఆయిల్ కిందికి జారిపోకుండా పట్టి ఉంచే రబ్బరు వాల్వు గట్టిపడిందంటే, పొద్దున్నే స్టార్ట్ చేయగానే కాసేపు ఇనుము ఇనుమును రాసుకుంటుంది. కాగితం పూడుకుపోతే బైపాస్ వాల్వు తెరుచుకుని, వడకట్టని ఆయిల్ నేరుగా ఇంజన్‌లోకి పోతుంది. అప్పుడు డాష్‌బోర్డు మీద ఏ లైటూ వెలగదు. 20 వేల కిలోమీటర్లు లాగించాలంటే అంత మురికినీ మోయాల్సింది ఈ 80 రూపాయల డబ్బాయే.

కంపెనీలూ తక్కువ తినలేదు. అమెరికాలో 1997-2002 మధ్య వచ్చిన కొన్ని టయోటా ఇంజన్లలో ఆయిల్ మడ్డిగా గడ్డకట్టింది. సమయానికి మార్చుకోకపోతే అంతేనని మొదట ఓనర్ల మీదికే నెట్టారు. చివరికి 2002లో 30 లక్షలకు పైగా బండ్లకు 8 ఏళ్ల పాటు రిపేరు బాధ్యత నెత్తినేసుకున్నారు. బీఎండబ్ల్యూ కూడా అక్కడ 15 వేల మైళ్లుగా ఉన్న గడువును 2014 మోడళ్ల నుంచి 10 వేలకు దించింది. గడువు పెంచినప్పుడు మోగిన డప్పు దించినప్పుడు మోగదు.

సాగదీసిన దానికి బిల్లు కట్టేది మాత్రం మొదటి ఓనరు కాదు. వారంటీ అయిపోగానే 'సింగిల్ ఓనర్, డాక్టర్ వాడిన బండి' అని ప్రకటన ఇచ్చేస్తాడు. కొనడానికొచ్చినాయన టైర్లను కాలితో తంతాడు, ఏసీ వేసి మొహం పెడతాడు. తోడొచ్చిన మెకానిక్ ఆయిల్ మూత విప్పి, దాని అడుగున వేలు పెట్టి, నల్లటి మడ్డి తీసి చూపిస్తాడు. "సార్, దీనికి ఇంజన్ పని పడేట్టుంది."

"అది తర్వాత చూద్దాంలేవయ్యా, బ్లూటూత్ కనెక్ట్ అవుతోందా లేదా?"