కవరైపోయిన కొండ

మనవాళ్లు ఊళ్లు చూడరు, కవర్ చేస్తారు. మున్నార్ వెళ్లొచ్చిన మా పక్క ఫ్లాటాయన్ని "ఎరవికులం ఎలా ఉందండీ?" అని అడిగాను. "పదింటికల్లా కవర్ చేసేశాం. ఏముందండీ, మేకలు!" అన్నారు. ఆ గొంతులో, పెళ్లి భోజనం పప్పుచారుతో సరిపెట్టిన వియ్యంకుడి మీద ఉండేంత కోపం.

ఆయన తప్పేముంది? టికెట్ కొన్నాక పులి రావాలి కదా! అటవీశాఖ బస్సు రాజమలలో దింపితే పొగమంచు, నడక, గడ్డి. ఆ గడ్డీ, లోయల్లో ఒదిగిన షోలా అడవీ కలిసి వాననీళ్లు పట్టి ఉంచి మెల్లగా కిందికి వదులుతాయని చెప్పబోయాను. "గడ్డి మా ఊళ్లో లేదా?" అన్నారు.

మేకలని ఆయన తీసిపారేసినవి నీలగిరి తార్‌లు. పశ్చిమ కనుమలు దాటితే అడవిలో ఇంకెక్కడా కనబడవు. 97 చదరపు కిలోమీటర్ల ఈ చిన్న ఎరవికులం 1978లో నేషనల్ పార్క్ అయిందంటే ముఖ్యంగా వాటి పుణ్యమే. పైగా జన్యువుల లెక్కన అవి మేకలకన్నా గొర్రెలకే దగ్గర చుట్టాలు. ఇది విని ఆయన ఇంకా నీరసపడ్డారు.

నీలకురింజి పూల మీదా ఫిర్యాదే. ప్యాకేజీవాడు పంపిన ఫొటోలో కొండంతా నీలం, వెళ్లి చూస్తే పచ్చగా ఏడ్చిందట. 2006లో పూసింది, 2018లో పూసింది, మళ్లీ 2030లోనే. గోదావరి పుష్కరాల్లో మునకేసొచ్చిన మనిషికి పన్నెండేళ్ల లెక్క నేను చెప్పాలా? గోదారిని మాత్రం ముందుగా రమ్మని ఎవరూ అడగరు.

వాళ్ల బావమరిది ఫిబ్రవరిలో వెళ్తే గేటే తియ్యలేదు. తార్‌లు ఈనే కాలం. "మేకలు ఈనితే మనుషులకు సెలవా?" అని ఈయన మండిపడ్డారు. కూతురి పురుడప్పుడు మేడ మీద పిల్లల్ని గెంతనివ్వని మనిషి ఈయనే.

ఇక ఆనముడి. 2,695 మీటర్లు, దక్షిణ భారతంలో ఇంతకన్నా ఎత్తైన శిఖరం లేదు. పర్యాటకుల్ని పైకి పోనివ్వరు. "ఎక్కనివ్వని కొండ అక్కడెందుకండీ?" అన్నారు, ఎవరో అడ్డంగా తెచ్చి పెట్టినట్టు.

తర్వాత ఫోను తీసి ఫొటోలు చూపించారు. అన్నిట్లోనూ ఆయనే. ఒకదాంట్లో మాత్రం భుజం వెనక ఓ తార్, అటు తిరిగి గడ్డి మేస్తోంది.