పెట్టుబడి: పక్కవాడి మోకాళ్లు

ఆన్‌లైన్ స్ట్రెంత్ కోచ్ కావాలంటే ఈ రోజుల్లో ఏం కావాలి? ఒక రింగ్ లైటు, ఒక ట్రైపాడ్, కాలరుకు తగిలించుకునే బుల్లి మైకు, చేతుల్లేని నల్ల బనీను. ఫోను ఎలాగూ ఉంది. లోగో కాన్వాలో ఊరికే తయారవుతుంది. అందులో సింహమో, మెరుపో, పిడికిలో ఉండి తీరాలి. డబ్బుకు యూపీఐ, వివరాలకు గూగుల్ ఫారం. అమీర్‌పేట హాస్టల్లో ఒక నెల అద్దెకయ్యే డబ్బులోపే దుకాణం తెరుచుకుంటుంది. ఇక ఇన్‌స్టాగ్రామ్‌లో పేరు ముందు ‘కోచ్’ అని తగిలించుకోవడానికి రూపాయి ఖర్చు లేదు, అడిగే నాథుడూ లేడు. మిర్చి బజ్జీల బండికైనా చట్టప్రకారం ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. ముక్కూ మొహం తెలియని మనిషి భుజాల మీద వంద కిలోల రాడ్ పెట్టించి, కూర్చుని లేవమని చెప్పే పనికి మాత్రం మన దేశంలో లైసెన్సు లేదు.

డబ్బు లేకపోవడం తప్పు కాదు. తక్కువ డబ్బుతో పని మొదలుపెట్టడం ఇంకా తప్పు కాదు. చిత్రమేమిటంటే ఆ తక్కువ డబ్బును మన నవకోచ్ ఎక్కడ ఖర్చుపెడతాడు, ఎక్కడ మిగుల్చుకుంటాడు అన్నది. లైటుకు డబ్బుంటుంది. థంబ్‌నెయిల్ చేసిపెట్టే కుర్రాడికి ఉంటుంది. వ్యాయామ శాస్త్రం మీద ఒక మంచి పుస్తకానికి ఉండదు, పరీక్ష ఫీజుకు ఉండదు. అమెరికాలోని ఎన్‌ఎస్‌సీఏ అనే సంస్థ ఇచ్చే సీఎస్‌సీఎస్ సర్టిఫికెట్ పరీక్షకు కూర్చోవాలంటే డిగ్రీ ఉండాలి, ఫీజు డాలర్లలో కట్టాలి. సరే, అది అందరికీ అందేది కాదు, ఒప్పుకుందాం. మరి పార్-క్యూ? గుండె జబ్బుందా, ఛాతీలో నొప్పి వస్తుందా, కళ్లు తిరుగుతాయా, కీళ్ల బాధ ఉందా, బీపీ మాత్రలు వాడుతున్నావా అని అడిగే ఒక పేజీ ఫారం అది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 1970లలో తయారైంది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. మన కోచ్ గూగుల్ ఫారంలో ఈ ప్రశ్నలు వెతికినా దొరకవు. ‘మీ డ్రీమ్ బాడీ ఏది?’, ‘ఎంత సీరియస్‌గా ఉన్నారు, 1 నుంచి 10లో?’, ‘ఈ రోజే పే చేయగలరా?’ అన్నవి మాత్రం ఉంటాయి.

అర్హతేమిటని అడిగితే చొక్కా విప్పి చూపిస్తాడు. తన కండే తన సర్టిఫికెట్ అంటాడు.

ఈ వాదానికి మన నేల మీదే పాత సమాధానం ఒకటుంది. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు ఉక్కు గొలుసులు తెంచాడు, ఛాతీ మీదికి ఏనుగును ఎక్కించుకున్నాడు. కండే సర్టిఫికెట్ అయితే ఆయనకు మించిన సర్టిఫికెట్ తెలుగునాట మరొకరికి లేదు. అయినా ఆయన మద్రాసు వెళ్లి, సైదాపేట కాలేజీలో ఏడాది చదివి, వ్యాయామ శిక్షకుడిగా యోగ్యతాపత్రం తెచ్చుకున్నాకే విజయనగరంలో పిల్లలకు డ్రిల్లు నేర్పాడు. బలం ఉండటం వేరు, ఇంకొకరికి బలం నేర్పడం వేరని ఏనుగును మోసినవాడికి తెలిసింది. పదహారు అంగుళాల జబ్బకు తెలియకుండా పోయింది.

పైగా ఆ చూపించే కండ ఏ బడ్జెట్‌లో తయారైందన్నది మరో కథ. అమెరికాలో బ్రయాన్ జాన్సన్ అనే ఆయన ‘లివర్ కింగ్’ పేరుతో పచ్చి కార్జం తింటూ, తనది ఆదిమానవుల జీవనం పెట్టిన దేహమని, స్టెరాయిడ్లు ముట్టలేదని లక్షలమందిని నమ్మించాడు. 2022 చివర్లో ఆయన ఈమెయిళ్లు బయటపడ్డాయి. గ్రోత్ హార్మోన్ వగైరాలకు నెలకు 11,000 డాలర్లకు పైగా పోస్తున్నట్టు వాటిలో ఉంది. డిసెంబరులో కెమెరా ముందుకొచ్చి, అప్పుడు కూడా చొక్కా లేకుండానే, క్షమాపణ చెప్పుకున్నాడు. కార్జం కొనుక్కుని తిన్నవాళ్లకు మిగిలింది కార్జం రుచి.

ఇక సరుకు. మన కోచ్ అమ్మేది సాధారణంగా ‘12 వారాల ట్రాన్స్‌ఫర్మేషన్’. ఈ 12 మీద ఇంత మమకారం ఎందుకో గానీ, ఇది ఇంటర్నెట్ కంటే చాలా పాతది. ఏంజెలో సిసిలియానో అనే ఇటాలియన్ వలస కుర్రాడు 1922లో చార్లెస్ అట్లాస్‌గా పేరు మార్చుకుని, పోస్టులో కండలు పంపే వ్యాపారం పెట్టాడు. 97 పౌండ్ల బక్కపలచని కుర్రాడి మొహాన బీచ్‌లో ఎవడో ఇసుక తన్నడం, కుర్రాడు కోర్సు తెప్పించుకుని, కండలు పెంచి, తిరిగొచ్చి వాడికి ఒక్కటివ్వడం: అదీ ప్రకటన బొమ్మకథ. కోర్సులో పాఠాలు పన్నెండే! బరువులక్కర్లేదు, పరికరాలక్కర్లేదు, ఒక చెయ్యి మరో చేతిని నెట్టుకుంటే చాలు. పార్శిల్‌లో ఇనుము పంపక్కర్లేదు కాబట్టి పోస్టు ఖర్చూ కలిసొచ్చింది. ఆ అట్లాస్ దేహం మాత్రం బరువులెత్తే తయారైందని, ప్రకటన మోసమని, ఇనప ప్లేట్లు అమ్ముకునే బాబ్ హాఫ్‌మన్ 1930లలో గోల పెట్టాడు. అయినా అట్లాస్ దుకాణం దశాబ్దాలపాటు నడిచింది.

మన దగ్గరా అలాంటి దుకాణం ఉండేది, అయితే కాస్త మర్యాదైనది. బెంగళూరులో హెర్క్యులిస్ జిమ్నాజియం నడిపిన కె.వి. అయ్యర్ కూడా పోస్టు ద్వారా వ్యాయామ కోర్సులు పంపేవాడు. ఆయన పద్ధతిలో కొన్ని సంగతులకు కాలం చెల్లిపోయిందేమో గానీ, ఆయన తన జిమ్నాజియంలో రోజూ మనుషులకు ఎదురుగా నిలబడి నేర్పుతూ, ఆ అనుభవాన్ని పోస్టులో పంపాడు. ఇప్పటి కోచ్ ఎవరికీ ఎదురుగా నిలబడి నేర్పకుండానే నేరుగా పంపడం మొదలుపెడతాడు.

పంపేదేమిటి? ఒక పీడీఎఫ్. నల్లటి అట్ట, దాని మీద మెరుపు, లోపల ‘నేను ఆరేళ్లు శ్రమించి కనుక్కున్న సీక్రెట్ సిస్టమ్’. తెరిచి చూస్తే మూడు సెట్లు, పదేసి రెప్స్, వారం వారం కొంచెం బరువు పెంచడం. ఈ రహస్యం 1945లోనే వైద్య పత్రికకెక్కింది. షికాగోలోని సైనిక ఆసుపత్రిలో థామస్ డిలోర్మ్ అనే వైద్యుడు, యుద్ధంలో కాళ్లు దెబ్బతిన్న సైనికులకు మంచాల్లో విశ్రాంతి బదులు బరువులు ఎత్తించి, క్రమంగా పెంచుకుంటూ పోయాడు. పదిసార్లు మాత్రమే ఎత్తగలిగినంత బరువును కొలతగా పెట్టుకున్నాడు. 1948 నాటికి దాన్ని మూడు సెట్లకు కుదించాడు: మొదటిది సగం బరువుతో, రెండోది ముప్పాతికతో, మూడోది పూర్తిగా. డిలోర్మ్ చేసిన దాంట్లో అసలు కష్టం ఆ అంకెల్లో లేదు. ఈ మనిషి మోకాలు ఈ రోజు ఎంత మోస్తుందో పక్కన నిలబడి చూసుకోవడంలో ఉంది. మన కోచ్ ఆ కష్టం ఒక్కటీ వదిలేసి అంకెలు తెచ్చుకున్నాడు. కాబట్టి మాదాపూర్‌లో పన్నెండు గంటలు కుర్చీకి అతుక్కునే టెస్టరుకూ, న్యూజెర్సీలో మంచు ఎత్తి నడుం పట్టేసుకున్న ఆయనకూ, కాన్పయి ఐదు నెలలైన ఆమెకూ అదే పీడీఎఫ్ వెళ్తుంది. పేరొక్కటి మారుతుంది, అదీ ఒక్కోసారి మార్చడం మరిచిపోతారు.

‘పర్సనలైజ్డ్ ప్లాన్’ అన్న మాటకు న్యాయస్థానం దాకా వెళ్లిన చరిత్ర ఉంది. టెక్సాస్‌లో బ్రిటనీ డాన్ అనే ఫిట్‌నెస్ ఇన్‌ఫ్లుయెన్సర్ 300 డాలర్ల దాకా తీసుకుని వ్యక్తిగత ప్రణాళికలు, వ్యక్తిగత పర్యవేక్షణ అమ్మింది. డబ్బు కట్టిన వేలమందికి వ్యక్తిగతమైనదేదీ రాలేదని, వచ్చిందల్లా ఎవరికైనా సరిపోయే పొగడ్తలేనని, తిండికి సంబంధించిన మానసిక సమస్యలున్నాయని చెప్పుకున్నవాళ్లకు కూడా అదే మందు దొరికిందని ఆరోపిస్తూ 2022 ఫిబ్రవరిలో ఆ రాష్ట్ర అటార్నీ జనరల్ దావా వేశారు. 2023లో 4 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. మన ‘సూపర్ బ్రో’, ‘క్రష్ ఇట్ అక్కా’, ‘ఫైర్ ఎమోజీ మూడు’ సంస్కృతికి ఆవిడేమీ దూరపు చుట్టం కాదు.

అయితే కోచ్‌లందరూ దొంగలా? కాదు, చాలామంది విషయంలో అసలు సమస్య లెక్క. నెలకు 999 రూపాయలు పెట్టి, 50 మందిని చేర్చుకున్నాడనుకుందాం. వచ్చేది యాభై వేలకు యాభై రూపాయలు తక్కువ. ఇప్పుడు ఒక్కొక్కరి స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ వీడియోలు చూసి, నడుం ఎక్కడ వంగుతోందో, మడమ ఎప్పుడు లేస్తోందో పట్టుకుని, జవాబు రాసి, వచ్చే వారం బరువు మార్చడానికి వారానికి 20 నిమిషాలైనా పడుతుంది. యాభై మందికి 1,000 నిమిషాలు, అంటే వారంలో పదహారు గంటలకు పైనే. దానికి తోడు రోజుకో రీలు, మూడు స్టోరీలు, రాత్రి లైవ్. రీలు మానేస్తే కొత్త క్లయింట్లు రారు. వీడియో చూడటం మానేస్తే? ఎవరికీ తెలియదు. ఏది మానతాడో ఊహించడానికి జ్యోతిష్యం అక్కర్లేదు.

చూడకపోతే ఏమవుతుందని అడిగేవాళ్లకు రాబ్డోమయొలైసిస్ అనే మాట పరిచయం చేయాలి. పలకడం కష్టం, తెచ్చుకోవడం తేలిక. అలవాటు లేని మనిషి మొదటి రోజే రోషంతో వందల కొద్దీ గుంజీళ్లో, స్క్వాట్లో తీస్తే కండరాల కణాలు పగిలి, లోపలి సరుకు రక్తంలోకి చేరి, మూత్రం కోకాకోలా రంగుకు తిరుగుతుంది. ముదిరితే కిడ్నీలు దెబ్బతింటాయి. ‘మొదటి రోజు ఛాలెంజ్: 300 స్క్వాట్స్, ట్యాగ్ చేయండి’ అని పెట్టేవాడికి ఈ మాట తెలియకపోవడమే మనందరి భయం.

ఈ వ్యాపారంలో గ్యారంటీగా డబ్బు చేసుకుంటున్నవాడు వేరే ఉన్నాడు. అతను కోచ్‌లకు కోచ్. ‘ఆరు నెలల్లో నెలకు లక్ష’ అంటూ వెబినార్ పెడతాడు. నిచ్, ఫన్నెల్, హై టికెట్, డీఎం స్క్రిప్టు అన్నీ నేర్పుతాడు. మోకాలికి ఎన్ని స్నాయువులుంటాయన్నది అతని సిలబస్‌లో లేదు. అతని దగ్గర రెండో వారానికి ‘ఫౌండింగ్ క్లయింట్స్’ను పట్టమంటారు: అంటే బావమరిది, బావమరిది స్నేహితుడు, ఆఫీసులో పక్క సీటు. వాళ్ల ‘బిఫోర్’ ఫొటో ట్యూబ్‌లైటు కింద, పొట్ట వదిలేసి, భోజనమయ్యాక. ‘ఆఫ్టర్’ కిటికీ వెలుగులో, ఊపిరి బిగబట్టి, ఇరవై దండీలు తీశాక. పన్నెండు వారాలు ఆగలేని ఉత్సాహవంతులు రెండూ ఒకే పూట కానిచ్చేస్తారు. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. మూడు నెలలు తిరగకుండానే బావమరిది కూడా కోచ్ అవుతాడు.

అసలు కోచ్ చేసే పని ఎంత సన్నటి దారం మీద ఉంటుందో తెలియాలంటే సిడ్నీ గుర్తు చేసుకోవాలి. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి, చిన్ననాడు నీలంశెట్టి అప్పన్న దగ్గర బరువులెత్తడం మొదలుపెట్టి, 2000 సెప్టెంబరులో ఒలింపిక్స్ 69 కిలోల విభాగంలో నిలబడింది. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు. ఆఖరి ప్రయత్నంలో 137.5 కిలోలు పెట్టారు, లేవలేదు. ఆమెకంటే ముందు నిలిచిన చైనా, హంగరీ అమ్మాయిలిద్దరి మొత్తం 242.5. కంచుకూ ఆ పై పతకాలకూ మధ్య తేడా రెండున్నర కిలోలు. ఆ క్షణంలో రాడ్ మీద ఎంత వేయాలన్న నిర్ణయం మీద ఏళ్ల తరబడి వాదించుకోవచ్చు, వాదించుకున్నారు కూడా. మన పీడీఎఫ్‌లో ఆ నిర్ణయం ‘బరువు: మీకు సరిపోయినంత’ అన్న ఒక్క ముక్కతో తేలిపోతుంది.

ప్రభుత్వం మరీ నిద్రపోలేదు. వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 ఆగస్టులో ఆరోగ్య, ఫిట్‌నెస్ ఇన్‌ఫ్లుయెన్సర్లకు అదనపు మార్గదర్శకాలు ఇచ్చింది. గుర్తింపు పొందిన సంస్థ నుంచి సర్టిఫికెట్ ఉన్న నిపుణులు సలహాలిచ్చేటప్పుడు ఆ సంగతి బయటపెట్టాలంది. నిపుణుల్లా మాట్లాడేవాళ్లు, తమ మాట వైద్య సలహాకు బదులు కాదని చెప్పాలంది. అది చెప్పేవాళ్లు ఉన్నారు: రీలు కింద, హ్యాష్‌ట్యాగుల అడుగున, ఆవగింజంత అక్షరాల్లో.

తక్కువ డబ్బుతో నిజాయితీగా మొదలుపెట్టడం అసాధ్యమేమీ కాదు, అందుకే ఈ తంతు మీద ఇంత కోపం. చేతిలో ఉన్న ఫోను, ఒక పార్-క్యూ ఫారం, ఒక ఎక్సెల్ షీటు, పదిమందికి మించని క్లయింట్లు, వాళ్ల వీడియోలను నెమ్మదిగా తిప్పి చూసే ఓపిక, తెలియని నొప్పి కనిపిస్తే ‘డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఇది నా పని కాదు’ అనే ధైర్యం. రింగ్ లైటు కంటే ఇవన్నీ చవక. ఫాలోవర్లు మాత్రం పెరగరు.

డబ్బు పంపే ముందు పాఠకులు ఒక చిన్న పరీక్ష పెట్టవచ్చు. మీరు స్క్వాట్ తీస్తున్న వీడియో ఒకటి పక్కనుంచి తీసి పంపండి, కావాలనే మడమలు లేపి తీయండి. మడమల సంగతి జవాబులో వస్తే ఆ కోచ్‌తో మాట కలపండి. ‘సూపర్ బ్రో, పేమెంట్ లింక్ పంపుతున్నా’ అని వస్తే డబ్బు మీ జేబులోనే ఉంచుకోండి.