రెండు 390లు

లదాఖ్ మోజుతో టూరింగ్ బైకు కొనే హైదరాబాదీకి రెండు 390లు ఎదురవుతాయి.

కేటీఎం 390 అడ్వెంచర్. ఇక్కడ 390 అంటే ఇంజను లెక్క.

హోండా గోల్డ్‌వింగ్ టూర్. ఇక్కడ 390 అంటే, కాస్త అటూ ఇటూగా, కిలోలు!

పెద్దదానికి 1833 సీసీ, ఆరు సిలిండర్లు, సోఫా లాంటి సీటు. వెనక్కి నెట్టడం మనవల్ల కాదని రివర్స్ గేరు కూడా పెట్టారు. పక్కకు ఒరిగితే లేపే గేరు మాత్రం పెట్టలేదు. దానికి ఊళ్లోవాళ్లు కావాలి.

తేలికదైతే వంపుల్లో దూసుకుపోవచ్చు. వెనక కూర్చున్న ఇల్లాలు లేహ్ దాకా మాట్లాడదు. అక్కడి నుంచి ఫ్లైటెక్కుతుంది.

నెలల తరబడి యూట్యూబ్ చూసి, టార్కు అంకెలు బట్టీపట్టి, ఈఎంఐకి సంతకం పెట్టి, ఎలాగో ఒకటి కొన్నారు. ఇక దూసుకుపోవడమే.

ఎదురుగా 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు.

ద్విచక్ర వాహనాలకు ప్రవేశం లేదు.

బరువుదైనా తేలికదైనా సర్వీసు రోడ్డే గతి. అక్కడ వేగం నిర్ణయించేది గేదెలు.

కొనబోయేవారికి మనవి: టెస్ట్ రైడ్ అక్కడే చేయండి.