పడుకున్నావా?

మా బాబాయి లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఎన్ని తరాల పిల్లలకో గడియారం చూడటం నేర్పారు. ఆయనకు మాత్రం రాత్రి పదకొండు దాటితే ముల్లు కనిపించదు.

పన్నెండున్నరకు దిండు కింద ఫోను బుర్రుమంటుంది. ‘ఒరేయ్’. అంతే. ఎవరికేమయిందోనని లేచి కూర్చుంటాను. రెండు నిమిషాలకు ‘పడుకున్నావా?’ పడుకున్నవాడు దీనికి జవాబెలా రాయాలో ఆయన ఏ క్లాసులోనూ చెప్పలేదు. తర్వాత ‘మీ పిన్ని’. గుండె ఝల్లుమంటుంది. ‘ఆవకాయ జాడీ’. ‘మీ ఇంట్లో ఉండిపోయిందా’. ‘అడగమంది’. పిన్ని తొమ్మిదింటికే నిద్రపోతుందని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

ఒక్క వాక్యానికి ఇన్ని ముక్కలా! మాటకింత అని డబ్బు కట్టి తంతి ఇచ్చిన కాలం మనిషి ఈయన. 2013 జులైలో తంతి సేవలు ఆగిపోయాయి, ఆయన పొదుపూ అక్కడితో సరి. రాత్రిపూట తంతి వస్తే కవరు చింపకముందే ఇంట్లో ఆడవాళ్లు ఏడుపు లంకించుకునేవారని చిన్నప్పుడు మాకు చెప్పి నవ్వించింది కూడా ఈయనే.

అప్పులిస్తాం, ప్లాట్లమ్ముతాం అని పీక్కుతినే కంపెనీలు సైతం రాత్రి తొమ్మిది నుంచి పొద్దున తొమ్మిది దాకా జనం జోలికి వెళ్లకూడదని ట్రాయ్ 2010లోనే నిబంధన పెట్టింది. అందులో బాబాయిల ఊసు లేదు.

ఇదంతా అంటే ఆయన దగ్గర సమాధానం సిద్ధం. ‘డాలస్‌లో మీ చెల్లికి ఇప్పుడు పట్టపగలురా!’ నిజమే, వేసవిలో వాళ్లు మనకు పదిన్నర గంటలు వెనక. కానీ నేనుండేది దిల్‌సుఖ్‌నగర్‌లో. పోనీ జవాబివ్వకుండా ఊరుకుందామా? ‘నీలం టిక్కులు పడ్డాయి. అంటే మెలకువగానే ఉన్నావు.’ లెక్కల మాస్టారు కదా, నిరూపించి వదులుతారు. ఆ వేళప్పుడు నేనెందుకు మెలకువగా ఉన్నానన్నది వేరే సంగతి. ఎవరో ముక్కూ మొహం తెలియనాయన బిర్యానీ వండుతుంటే గంట నుంచీ చూస్తున్నాను.

మెసేజ్ పెట్టడం కంటే ఘోరం, పెట్టి తీసేయడం. వాట్సాప్‌లో ఈ సదుపాయం 2017లో వచ్చినప్పుడు ఏడు నిమిషాలే గడువు. ఇప్పుడు రెండు రోజుల పైమాటే. బాబాయికి అంత అక్కర్లేదు, అర నిమిషంలో తీసేస్తారు. ఆయన ఏం రాశారో, ఎందుకు తీశారో అని తెల్లార్లూ నాకు జాగారం. పొద్దున అడిగితే ‘అది మీ బావకు పంపాల్సిందిలే’ అంటారు. బావ గురించా, బావకా? చెప్పరు.

సూర్యోదయమైతేగానీ తిథి పట్టదని ఏకాదశి ఏ రోజో తేల్చడానికి ఊరందరితో వాదించే మనిషి, పన్నెండూ ఐదుకల్లా ఫ్యామిలీ గ్రూపులో తామరపువ్వు బొమ్మతో ‘శుభోదయం’ పడేస్తారు. అది చూసి లేచిన మనం ఏడింటికి ఫోన్ చేశామా, ఎత్తరు. ఎత్తినా ‘పెద్దవాళ్లకు ఫోన్ చేసే వేళేనా ఇది?’ అని మందలింపు!

నాన్నని ఆస్పత్రిలో చేర్చిన రాత్రి కూడా రెండింటికి బుర్రుమంది. ‘ఒరేయ్’. ‘కింద ఉన్నా’. ‘ఫ్లాస్కులో కాఫీ’. ‘లిఫ్టు ఎటు?’ ఆ ముక్కలు మాత్రం చకచకా చదువుకుని మెట్ల మీద పరిగెత్తాను.

కాబట్టి మీ ఇంట్లోనూ ఇలాంటి బాబాయి ఉంటే, ఆయన పేరు మీద మ్యూట్ నొక్కండి, తప్పులేదు. 8 గంటలు, వారం, ఎప్పటికీ అని మూడు అవకాశాలు చూపిస్తుంది. 8 గంటలు చాలు. మిగతా రెండింటి జోలికి పోకండి.